తెలుగులో పక్షుల పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలనుకుంటున్నాం, అనుభవజ్ఞుల సలహా కావాలి

ప్రశ్న అడిగినవారు: అమీన్‌పూర్ పంతులమ్మ

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్ పక్కనున్న అమీన్‌పూర్ చెరువుకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటూ, ఒక ఉన్నత పాఠశాలలో పదేళ్ళుగా జీవశాస్త్రం చెబుతున్నాను. పక్షుల గురించి, అవి బతికే చెరువులు, బండలు, పొదలు, చేల గురించి తెలుగులో ఒక పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలని నేనూ నా ఇద్దరు స్నేహితులూ నిర్ణయించుకున్నాం. ఇంగ్లీషులో ఇలాంటివి చాలానే వింటున్నాం గానీ, అవి మా అమ్మకు గానీ, మా బడి పిల్లల తల్లిదండ్రులకు గానీ చేరవు. చెరువు గట్టున గేదెలు కాసే మనిషికీ, అపార్ట్‌మెంటు కాపలాదారుకూ అసలే చేరవు. నిజానికి పక్షుల పక్కన రోజంతా గడిపేది వాళ్ళే.

ఈ ఆలోచన వెనక రెండు సంగతులు ఉన్నాయి. మొదటిది కొన్నేళ్ళ కిందటి దసరా నాటిది. జమ్మి పూజ ముగించుకుని ఇంటికి వస్తుంటే, కాలనీ మొదట్లో ఒకతను గుడ్డ కప్పిన చిన్న పంజరం పట్టుకుని, ఇరవై రూపాయలిస్తే పాలపిట్టను చూపిస్తానన్నాడు. పండుగ నాడు పాలపిట్ట కనబడితే శుభమని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని కనుక డబ్బులిచ్చి చూశాను, పిల్లల చేత దండం కూడా పెట్టించాను. ఆ పిట్ట రెక్క విప్పలేదు. ఈకలను ఒకదానికొకటి జిగురుతో అంటించారని దగ్గరగా చూశాకే అర్థమైంది. ఆ రోజు ఏమీ అనకుండా వచ్చేశాను. ఆ మౌనం నన్ను ఇప్పటికీ వదలలేదు.

రెండోది మా తరగతిలో జరిగింది. ఒక రోజు ఆరు పక్షుల కూతలు ఫోనులో వినిపించి, అవి ఏమిటో రాయమన్నాను. దాదాపు అందరూ కాకినీ కోయిలనూ గుర్తుపట్టారు, అక్కడితో ఆగిపోయారు. ఒక్క పిల్లవాడు మాత్రం తీతువు కూతను వెంటనే పోల్చుకున్నాడు. ఎలా తెలుసని అడిగితే, సెలవుల్లో నారాయణఖేడ్ దగ్గర అమ్మమ్మ ఊరికి వెళ్ళినప్పుడు రాత్రిపూట అది అరిస్తే ఆమె తలుపు వేసి, ఎవరికో ఏదో కీడు జరగబోతోందని చెప్పిందట. పక్షిని గుర్తుపట్టిన ఒకే ఒక్కడికి అది భయంతో పాటు అందిందన్న మాట.

ఇప్పుడు నా సందేహాలు. పక్షులకు ఏ పేర్లు వాడాలి? ఊళ్ళలో ఒక్కో చోట ఒక్కో పేరు ఉంది, పుస్తకాల్లో కొత్తగా కల్పించిన పేర్లు ఉన్నాయి. ప్రతి భాగంలో ఒక శాస్త్రవేత్తతో సంభాషణ పెట్టాలన్నది మా మొదటి ఆలోచన, అది సరైనదేనా? పక్షుల కూతలు వినిపించడం వల్ల వాటికే హాని జరుగుతుందని ఒకచోట చదివాను, అందులో నిజమెంత? అన్నిటికన్నా ముఖ్యంగా, వినడం అనేది కాపాడడంగా ఎలా మారుతుంది? వెయ్యి మంది విని, బాగుందని మెచ్చుకుని, ఒక్క పక్షికీ మేలు జరగకపోతే మా శ్రమకు అర్థం లేదని నా భయం.

జవాబు: గండిపేట గట్టు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నలభై ఏళ్ళుగా గండిపేట, హిమాయత్‌సాగర్ గట్ల వెంట తిరుగుతున్నవాణ్ణి కనుక, చనువుగా కొంచెం ఎక్కువే రాస్తున్నాను.

శాస్త్రవేత్తల సంభాషణతో మొదలుపెట్టవద్దు. వాళ్ళ మాట అవసరం లేదని కాదు. వినేవాడికి ముందు తన ఇంటి ముందరి పక్షి కావాలి, ఆ తరువాతే దాని గురించి పరిశోధించినవాళ్ళు కావాలి. ఒక భాగానికి ఒకే పక్షిని తీసుకోండి. ఆ పక్షి గురించి మన జనం ఇప్పటికే ఏమి నమ్ముతున్నారో అక్కడి నుంచి కథ ఎత్తుకోండి. మీకు మొదటి భాగం మీ ప్రశ్నలోనే ఉంది, అది పాలపిట్ట.

ఈ పిట్ట ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పక్షి, అంతకుముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కూ ఇదే రాష్ట్ర పక్షిగా ఉండేది. తీగ మీద కూర్చున్నప్పుడు మట్టి రంగులో, ఎవరి కంటికీ ఆనకుండా ఉంటుంది. ఎగిరిన క్షణంలో మాత్రం రెక్కల్లోని ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. మిడతలనూ, కీచురాళ్ళనూ, పేడపురుగులనూ తిని బతుకుతుంది కనుక రైతుకు కూలి అడగని కాపలాదారు. చెట్టు తొర్రల్లోనూ, తల విరిగిన మొండి తాటి మానుల్లోనూ గుడ్లు పెడుతుంది. దాని గొంతు తియ్యగా ఉండదు. గరగరమంటూ ఎవరితోనో తగవు పడుతున్నట్టు ఉంటుంది, ఆ గొంతును తప్పకుండా వినిపించండి. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదికలో 942 జాతులను పరిశీలించి, వాటిలో 178 జాతులకు అత్యవసర సంరక్షణ కావాలన్నారు. సంఖ్య 30 శాతానికి పైగా తగ్గినందున, జీవజాతులకు ఉన్న ముప్పును నమోదు చేసే అంతర్జాతీయ ఎర్ర జాబితాలో స్థానాన్ని మళ్ళీ పరిశీలించాలని ఆ నివేదిక సూచించిన పధ్నాలుగు జాతుల్లో పాలపిట్ట ఒకటి. ఊరూరా కనబడే పిట్ట కదా, దానికేం లోటు అనుకునేవాళ్ళకు ఈ ఒక్క మాట చాలు.

అయితే ఆ భాగాన్ని తిట్టుతో మొదలుపెట్టకండి. దసరా నాడు పాలపిట్టను చూడాలన్న ఆచారాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేస్తే మీ అమ్మగారి వయసువాళ్ళు అక్కడే వినడం మానేస్తారు. మా చిన్నప్పుడు ఆ సాయంత్రం ఊరంతా కొత్త బట్టలు కట్టుకుని పొలిమేర దాటి, చేల గట్ల మీద నిలబడి పిట్ట కోసం ఆకాశం వైపు చూసేది. చూడడమంటే వెతుక్కుంటూ వెళ్ళి, అది ఎగురుతుండగా చూడడం. నెల ముందే వలవేసి పట్టి, తిండి లేకుండా పంజరంలో ఉంచినదాన్ని డబ్బిచ్చి చూస్తే అది దర్శనం ఎలా అవుతుందని అడగండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి ఉంది, ఈ పక్షిని పట్టడం నేరమన్న సంగతి చివర్లో చెప్పండి. ముందు ఆచారం పక్కన నిలబడి మాట్లాడండి, ఆచారమే పిట్ట తరఫున సాక్ష్యం చెబుతుంది.

తీతువు విషయంలోనూ ఇదే దారి. అది నేల మీద, గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. గుడ్లు రాళ్ళలాగే మచ్చలతో ఉంటాయి కనుక దానికి ఉన్న కోట అదొక్కటే. కుక్కో, పామో, మనిషో అటు వస్తే, పగలైనా రాత్రైనా అరిచి, పైకెగిరి, చొరబడినవాణ్ణి గూటి నుంచి దూరంగా తీసుకుపోవాలని చూస్తుంది. అంటే ఆ అరుపులో కీడు ఉన్నది నిజమే, కాకపోతే ఆ కీడు మనకు కాదు, దాని పిల్లలకు. ఆ పిల్లవాడి అమ్మమ్మకు ఈ మాట చెప్పగలిగితే ఆమె తలుపు వేయకుండా, ఏం వచ్చిందోనని బయటికి తొంగి చూస్తుంది.

ఇంకొక హెచ్చరిక. విన్నదల్లా చెప్పకండి. సెల్ టవర్ల వల్లనే పిచ్చుకలు అంతరించాయన్న మాట ఇరవై ఏళ్ళుగా తిరుగుతోంది గానీ, దానికి గట్టి రుజువు లేదు. దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య నిలకడగానే ఉందనీ, పెద్ద నగరాల్లో మాత్రం తగ్గిందనీ పరిశీలకుల లెక్కలు చెబుతున్నాయి. గూడు కట్టుకోవడానికి పెంకుల సందులూ, దూలాల మూలలూ లేని ఇళ్ళు, పురుగులు లేని తోటలు, చిల్లర దుకాణాల ముందు రాలని గింజలు, వీటి గురించి మాట్లాడితే వినేవాడికి తన ఇంటి వైపు చూసుకోవాలనిపిస్తుంది. టవరు పేరు చెబితే నేరం ఎవరో కంపెనీవాడిదై, చేతులు దులుపుకుంటాడు. వసారాలో వరి కంకుల కుచ్చు వేలాడదీసే అలవాటు మనకు ఉండేది. ఆ కుచ్చు ఎలా అల్లాలో అల్లగలిగిన మనిషి చేత చెప్పించండి.

ఆఖరుగా, గూడు ఎక్కడుందో ఎప్పుడూ చెప్పవద్దు. గుడ్లగూబ విషయంలో మరీ. దీపావళి దగ్గర పడుతుంటే క్షుద్రపూజల కోసం వాటిని పట్టేవాళ్ళు ఉన్నారు. మీరు ఉత్సాహంగా చెప్పిన చెట్టు పేరు మంచివాళ్ళతో పాటు వాళ్ళూ వింటారు. చెరువు పేరు చెప్పవచ్చు, గట్టు పేరు చెప్పకూడదు.

జవాబు: శబ్దలేఖరి

నేను వృత్తిరీత్యా ధ్వని ముద్రణ చేస్తాను. కూతల గురించి మీరు అడిగినదానికి సూటిగా జవాబు చెబుతాను. పాడ్‌కాస్ట్‌లో కూత వినిపించడం వల్ల హాని లేదు. పక్షి ఉన్న చోట, ముఖ్యంగా గూడు కట్టే కాలంలో, ఫోనులోనో స్పీకరులోనో దాని కూతను పదే పదే వినిపించడం హాని. తన హద్దులోకి మరొక మగపక్షి వచ్చిందనుకుని అది మేతనూ, గుడ్లనూ వదిలి పోట్లాటకు వస్తుంది, లేని శత్రువు కోసం అలసిపోతుంది. మీ శ్రోతలు మీ భాగాన్నే తోటలో వినిపించి పిట్టను పిలిచే ప్రమాదం ఉంది కనుక, కూత వినిపించే ముందు ఈ మాట ప్రతిసారీ ఒక వాక్యంలో చెప్పండి.

వీలైనంత వరకు మీ కూతలు మీరే ముద్రించుకోండి. జీనో కాంటో వంటి ఉమ్మడి భాండాగారాల్లో వేల కూతలు ఉన్నాయి. ఒక్కో కూతకు ఒక్కో అనుమతి పత్రం ఉంటుంది, ముద్రించినవారి పేరు చెప్పాలా, మార్పులు చేయవచ్చా, డబ్బు వచ్చే కార్యక్రమంలో వాడవచ్చా అన్నది చదివి వాడాలి. అయితే మన చెరువు మీద, మన గాలిలో, వెనక గేదె మెడలో గంట మోగుతుండగా వినిపించే నీటికోడి కూతకు ఉండే బలం ఎక్కడినుంచో తెచ్చినదానికి ఉండదు.

ఖరీదైన సామగ్రి అక్కరలేదు. చేతిలో ఇమిడే చిన్న రికార్డరూ, దానికి బొచ్చు తొడుగూ ఉంటే మొదలుపెట్టవచ్చు. తొడుగు లేకపోతే గట్టు మీది గాలి మీ పనంతా చెడగొడుతుంది. వేవ్ రూపంలో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వద్ద ముద్రించండి, ఎంపీత్రీగా తరువాత మార్చుకోవచ్చు. తెల్లవారుజామున, వాహనాల రొద మొదలవకముందే చెరువు చేరండి. ముద్రణ చివర తేదీ, సమయం, ఊరు, కనబడిన పక్షి, అది చేస్తున్న పని మీ గొంతుతోనే చెప్పి ఆపండి. ఆరు నెలల తరువాత ఆ ఫైలు ఏమిటో మీకు గుర్తుండదు, పైగా అలా వివరాలు చేర్చిన ముద్రణ శాస్త్రజ్ఞులకు కూడా పనికివస్తుంది.

నగరంలో ముద్రించినదానికి కింది స్థాయి రొద ఎప్పుడూ ఉంటుంది. దాన్ని తీసేయాలని మంద్రస్వరాలన్నీ కోసేస్తారు చాలామంది. జెముడు కాకి ఊప్ ఊప్ మనే కూత సరిగ్గా ఆ మంద్రంలోనే ఉంటుంది, గుడ్లగూబల్లో పెద్దవాటి గొంతూ అంతే. రొదతో పాటు పక్షిని కూడా కోసేయకుండా చెవితో విని తగ్గించండి.

భాగం పన్నెండు నుంచి పదిహేను నిమిషాలకు మించనివ్వకండి. స్టీరియోగా కాక ఒకే చానెల్‌లో తక్కువ పరిమాణంతో ఎంపీత్రీ చేస్తే ఊళ్ళో తక్కువ డేటా ఉన్నవాళ్ళూ దించుకోగలరు. దానితో పాటు రెండు మూడు నిమిషాల ముక్క ఒకటి వాట్సాప్ కోసం విడిగా చేయండి. మీరు చేరుకోవాలనుకుంటున్న కాపలాదారు పాడ్‌కాస్ట్ యాప్ తెరవడు, బంధువు పంపిన ముక్కను మాత్రం వింటాడు.

గొంతు సంగతి కూడా ఒకటి చెప్పాలి. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 నుంచి నడుస్తున్న సంఘం రేడియోలో చేలల్లో పనిచేసే ఆడవాళ్ళే కార్యక్రమాలు తయారుచేసి, తమ యాసలోనే మాట్లాడతారు. విత్తనం గురించి వాళ్ళు చెప్పినప్పుడు వినేవాడికి పక్కింటి మనిషి చెప్పినట్టుంటుంది. మీరు వార్తలు చదివే గొంతు తెచ్చిపెట్టుకోకండి, తరగతిలో మాట్లాడినట్టే మాట్లాడండి.

జవాబు: పదాల పోగు

పేర్ల గురించి మాత్రమే రాస్తాను. పుస్తకాల కోసం ఇంగ్లీషు పేరును విడదీసి అతికించిన తెలుగు పేర్లు చెవికి ఎక్కవు, వాటిని నోటితో పలికే మనిషి ఎక్కడా ఉండడు. ఉన్న పేర్లను ముందు వాడండి. గిజిగాడు, లకుముకి, పికిలి, వడ్రంగి పిట్ట, కుకుడు గువ్వ, బెళవాయి, పూరేడు, కౌజు, ఇవన్నీ ఇంకా బతికే ఉన్నాయి. గొడ్ల వీపు మీద స్వారీ చేస్తూ పురుగులు పట్టే నల్లని, చీలిన తోక పిట్టను పసుల పోలిగాడు అంటారు, కొన్ని చోట్ల ఎట్రింత అంటారు. రెండూ చెప్పండి, మీ ఊళ్ళో ఏమంటారో గొంతు సందేశం పంపమనండి. ఏ మండలం నుంచి ఏ పేరు వచ్చిందో ఒక పట్టికగా రాసిపెట్టుకుంటూ పోతే, రెండేళ్ళలో మీ దగ్గర ఎవరి దగ్గరా లేని నిధి ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ తెలుగు పేర్లను జనం నోట విని నమోదు చేశాడు. ఆ తరువాత ఆ పని మనం శ్రద్ధగా కొనసాగించలేదన్నది నా బాధ.

పొన్నంకి పిట్టను మీరు ఎప్పుడైనా భాగంగా చేస్తే, ఒక సంగతి తప్పక చెప్పండి. ప్రపంచమంతా శాస్త్రవేత్తలు ఆ జాతిని పిలిచే పిట్టా అన్న పేరు మన తెలుగు పిట్ట నుంచే వెళ్ళింది. మా విద్యార్థులకు ఈ మాట చెప్పినప్పుడు వాళ్ళ ముఖాల్లో కనబడిన వెలుగు నాకు గుర్తుంది.

ఏ పేరూ దొరకని పక్షికి మాత్రం కొత్త పేరు పెట్టడంలో తప్పు లేదు. మంగోలియా, టిబెట్ పీఠభూముల నుంచి హిమాలయాల మీదుగా చలికాలంలో మన చెరువులకు వచ్చే బాతును పట్టీ తల బాతు అంటే చూడగానే పోల్చుకుంటారు. కాకపోతే అది మీరు పెట్టిన పేరని చెప్పి వాడండి.

జవాబు: వికారాబాద్ పశువైద్యుడు

పంతులమ్మ గారి చివరి ప్రశ్నకు, అంటే వినడం కాపాడడంగా ఎలా మారుతుందన్నదానికి, నా వృత్తిలో నుంచి ఒక జవాబు ఉంది.

నా చిన్నతనంలో గొడ్డు చనిపోతే ఊరి బయట పడేసేవారు, గంటలో రాబందులు వాలేవి, సాయంత్రానికి ఎముకలే మిగిలేవి. ఇప్పుడు మా ప్రాంతపు యువకులకు రాబందు అంటే తిట్టు మాటే తప్ప పక్షి కాదు. 1990లలో మొదలై, పదిహేనేళ్ళలో, దేశంలోని మూడు రాబందు జాతులు నూటికి తొంభై ఐదుకు పైగా నశించాయి. కారణం ఏమిటో చాలాకాలం తెలియలేదు. పశువులకు నొప్పికీ జ్వరానికీ ఇచ్చే డైక్లోఫెనాక్ మందు, ఆ పశువు చనిపోయాక మాంసంలో మిగిలి, తిన్న రాబందు మూత్రపిండాలను పాడుచేస్తుందని 2004లో తేలింది. శరీరం లోపల అవయవాల మీద యూరిక్ ఆమ్లం తెల్లగా పేరుకుపోయి పక్షి చనిపోతుంది. పశువులకు ఈ మందును 2006లో నిషేధించారు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని గుర్తించి, 2015లో ఇంజెక్షను సీసాను మూడు మిల్లీలీటర్లకు పరిమితం చేశారు. ఇదే రకం హాని చేసే ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌లను పశువులకు వాడకుండా 2023లో నిషేధించారు. మెలాక్సికామ్ అనే మందు పశువుకు అంతే పని చేస్తుంది, రాబందుకు హాని చేయదు.

ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, ఇందులో వినేవాడు చేయగలిగిన పని ఒకటి స్పష్టంగా ఉంది. పాడి రైతు మందుల దుకాణంలో ఏ మందు అడగాలో, ఏవి వద్దనాలో ఆ పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు. నేను ఎన్నో ఊళ్ళలో చెప్పి చూశాను, రాబందును కాపాడాలి అంటే తల ఊపుతారు, ఈ సీసా వద్దు ఆ సీసా అడగండి అంటే చీటీ మీద రాయమంటారు. మీ ప్రతి భాగం ఇలాంటి ఒక చీటీతో ముగియాలి. కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో, బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద 2013లో పొడవు ముక్కు రాబందుల గూళ్ళు కనబడ్డాయి. హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో రాబందుల ప్రజనన కేంద్రం ఉంది. జంట ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది కనుక పోయినవి తిరిగి రావడానికి మన జీవితకాలం పట్టవచ్చు. మందుల దుకాణంలో జరిగే ఒక్క పొరపాటుకు ఆ లెక్కలో ఎంత విలువ ఉందో మీ గొంతుతో చెప్పండి.

అలాగే సంక్రాంతికి ముందు వచ్చే భాగాన్ని మాంజా కోసం కేటాయించండి. నైలాను మాంజాను జాతీయ హరిత న్యాయస్థానం 2017లో దేశమంతటా నిషేధించినా అది ఇంకా దొరుకుతూనే ఉంది. పండుగ మరునాడు నా దగ్గరికి రెక్క తెగిన గద్దలు, చిలుకలు, కొంగలు వస్తాయి. పక్షులు గూళ్ళ నుంచి బయలుదేరే వేకువనా, తిరిగి చేరే సందెవేళా పతంగులు ఎగరేయవద్దని పిల్లలకు చెప్పండి. పండుగ అయ్యాక చెట్లకూ తీగలకూ చిక్కుకున్న దారం వారాల తరబడి చంపుతూనే ఉంటుంది కనుక, చేతికి అందినంత వరకు దాన్ని తీసి ముక్కలు చేసి పారేయమనండి. గాయపడిన పక్షి దొరికితే గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో, చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచి అటవీ శాఖకో, పక్షులను రక్షించే బృందానికో అప్పగించాలి. జాలిపడి నోట్లో నీళ్ళు పోయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోయి అదే ప్రాణం తీస్తుంది.

ప్రశ్న అడిగినవారి ప్రతిస్పందన: అమీన్‌పూర్ పంతులమ్మ

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి మేం ముగ్గురం కూర్చుని ఈ జవాబులన్నీ పైకి చదువుకున్నాం. శాస్త్రవేత్తల సంభాషణల ప్రణాళికను పక్కన పెట్టాం. మొదటి భాగం పాలపిట్ట మీదే, దసరాకు కనీసం నెల ముందు విడుదల చేయాలి, ఎందుకంటే పట్టేవాళ్ళు వలలు తీసేది ఆ రోజుల్లోనే. అందుకని మొదలు ఈ చలికాలానికి కాక వచ్చే భాద్రపదానికి జరుపుతున్నాం. ఈలోగా కూతలు ముద్రించుకుంటాం, పేర్లు పోగుచేస్తాం. ఆ భాగం చివర ఇచ్చే చీటీ కూడా రాసుకున్నాం: డబ్బులిచ్చి చూడవద్దు, పంజరం కనబడితే అటవీ శాఖకు చెప్పండి, సాయంత్రం పిల్లలతో ఊరి అంచుకు వెళ్ళి తీగల మీద వెతకండి.

గండిపేట గట్టు గారు చెప్పినదానిలో ఒక్క విషయంలో నాకు సందేహం ఉండేది. చోటు చెప్పకపోతే జనానికి ఆ చోటు మీద మమకారం ఎలా కలుగుతుంది? అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది, దేశంలో ఈ గుర్తింపు పొందిన మొదటి నగర జలాశయం అదే. ఆ పేరు పదిమందికీ తెలియడం వల్లనే కదా దాని గురించి అడిగేవాళ్ళు ఉన్నారు. ఆలోచించగా, చెరువు పేరు చెప్పండి, గట్టు పేరు చెప్పకండి అన్న మాటలోనే జవాబు ఉందని అర్థమైంది. చెరువుకు పేరు రక్షణ, గూటికి పేరు లేకపోవడం రక్షణ.

కలివి కోడి మీద ఒక భాగం చేయాలని కూడా ఉంది. 1900 తరువాత ఎనభై ఐదేళ్ళ పాటు ఎవరూ నమోదు చేయని ఆ పక్షి, 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర తిరిగి బయటపడింది. భరత్ భూషణ్ అనే పరిశోధకుడు ఊరూరా అడిగి వెతుకుతుంటే దాన్ని పట్టి తెచ్చి చూపించింది అక్కడి అడవి తెలిసిన స్థానికుడే. నిఘంటువులో లేని జ్ఞానం ఊళ్ళో ఉంటుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ నాకు తెలియదు. అందుకే పాలపిట్ట భాగానికి కూడా అలాంటి మనిషి గొంతు ఒకటి కావాలని ఉంది. ఎవరికైనా తెలిస్తే చెప్పగలరు.

జవాబు: శంకర్‌పల్లి నుంచి

మేడమ్ గారికి నమస్కారం. ఇక్కడ నేను చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మా నాన్న గీత కార్మికుడు. నలభై ఏళ్ళుగా మోకూ ముస్తాదుతో పొద్దున్నే తాళ్ళు, అంటే తాటిచెట్లు, ఎక్కుతున్నాడు. గిజిగాడి గూళ్ళు ఏ గాలికి ఏ వైపు వేలాడతాయో, మొగపిట్ట సగం అల్లిన గూడును ఆడపిట్ట వచ్చి చూసి నచ్చకపోతే ఎలా వదిలేసి పోతుందో మాకు చిన్నప్పుడు ఆయనే చూపించాడు.

కల్లు దించే మా మండువ దగ్గర తల విరిగిన మొండి తాడు ఒకటి ఉంది. దాన్ని కొట్టి దూలానికి అమ్ముదామని రెండుసార్లు బేరం వచ్చింది. అందులో ఏటా పాలపిట్టలు పిల్లలను చేస్తున్నాయని నాన్న ఒప్పుకోలేదు. కల్లు రాని తాడును ఎందుకు ఉంచావని ఎవరైనా అడిగితే, అది పిట్టలది, నాది కాదు అంటాడు. మీ ప్రశ్న ఆయనకు చదివి వినిపించాను, మాట్లాడడానికి ఒప్పుకున్నాడు.

వేసవి మొదట్లో, పిట్టలు జతకట్టి గాలిలో పల్టీలు కొట్టే రోజుల్లో వస్తే మంచిదట. అయిదున్నరకల్లా ఆయన చెట్టెక్కుతాడు కనుక మీరు అంతకుముందే చేరాలి. రికార్డరును మానుకు దూరంగా, ఆయన చూపించిన చోటనే పెట్టాలి. గూట్లో పిల్లలు ఉంటే ఆ రోజుకు తిరిగి వెళ్ళిపోవాలి. ఊరి పేరు చెప్పుకోవచ్చట గానీ, ఆ తాడు ఎవరి చెలకలో ఉందో తన నోట రాదని ముందే చెప్పమన్నాడు.